రాత్రి రోడ్డు పక్కన నడిచేవారికి ఏ లైటు? టార్చ్, రేడియం పట్టీ, బ్లింకర్, హెడ్‌ల్యాంప్‌ల పోలిక

రాత్రిపూట నడవడానికి లైటు కొనేవాళ్ళు షాపులో మొదట అడిగేది "ఎంత దూరం పడుతుంది?" అని. దారి చూసుకోవడానికి అది సరైన ప్రశ్నే. కానీ రోడ్డు మీద ఎక్కువ ప్రమాదం వచ్చేది బండ్ల నుంచి. బండి నడిపేవాడికి మన టార్చ్ ఎంత దూరం వేస్తుందో అక్కర్లేదు. అక్కడొక మనిషి ఉన్నాడని అతనికి ఎంత ముందుగా తెలిసిందన్నదే లెక్క. మనం చూడటానికి ఒక లైటు కావాలి, మనం కనపడటానికి ఇంకొకటి కావాలి. ఈ రెండు పనులూ ఒకే వస్తువు చేస్తుందనుకుని చాలామంది పెద్ద టార్చ్ ఒకటి కొని ఊరుకుంటారు. నా సలహా అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది.

మన దగ్గర రాత్రి నడక తక్కువేం కాదు. మహాశివరాత్రికి శ్రీశైలం, దసరా చివర్లో మాల విరమణకు బెజవాడ ఇంద్రకీలాద్రి, ఏడాది పొడవునా తిరుమల. పాదయాత్ర చేసేవాళ్ళు ఎండ తప్పించుకోవడానికి రాత్రులే ఎక్కువ నడుస్తారు. తెల్లారకముందే వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు, మోటారు వేయడానికి పొలం వెళ్ళే రైతులు, పాలు పోసేవాళ్ళు, షిఫ్టు దిగి బస్టాప్ నుంచి ఇంటికి నడిచేవాళ్ళు సరేసరి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 32,825 మంది నడుచుకుంటూ వెళ్తున్నవాళ్ళే. అంటే ఐదుగురిలో దాదాపు ఒకరు.

డ్రైవరు సీట్లోంచి చూస్తే

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషిని చూసి, అది మనిషేనని గుర్తించి, కాలు బ్రేకు మీద పెట్టడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుందాం. ఆలోగానే 25 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు, మంచి బ్రేకులు ఉంటే ఆగడానికి ఇంకో 20 మీటర్ల పైచిలుకు కావాలి. మొత్తం 45 మీటర్లు దాటుతుంది. 80 వేగంలో అయితే 70 మీటర్ల దాకా పోతుంది. రోడ్డు తడిగా ఉంటే, లారీకి లోడుంటే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి, హెడ్‌లైట్ డిమ్‌లో, అంటే లో బీమ్‌లో, ఉన్నప్పుడు, తరచుగా 50 మీటర్ల లోపలికి వస్తేగానీ కనపడడు. అంటే 80 వేగంలో వచ్చే డ్రైవరు ఎంత జాగ్రత్తపరుడైనా, మనిషి కనపడేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. ఎదురుగా ఇంకో బండి హై బీమ్ వేసుకుని వస్తుంటే ఆ కొద్ది దూరం కూడా మిగలదు.

తెల్లబట్టలు వేసుకుంటే చాలు అనేవాళ్ళున్నారు. నలుపు కంటే నయమే గానీ హైవే వేగాలకు అది చాలదు. పైగా మన దీక్షా వస్త్రాల సంగతి చూడండి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు నల్లబట్టల్లో ఉంటారు. భవానీలది ఎరుపు. పగలు కొట్టొచ్చినట్టు కనపడే ఆ ఎరుపు, చీకట్లో దాదాపు నల్లగానే ఉంటుంది. పచ్చగా మెరిసే ఫ్లోరసెంట్ రంగులు కూడా పగలు, సంధ్యవేళ పనిచేసేవే. సూర్యకాంతిలో ఉండే అతినీలలోహిత కిరణాలను పట్టుకుని మెరుస్తాయి కాబట్టి రాత్రి హెడ్‌లైట్ ముందు ఆ గొప్పతనం ఉండదు. రాత్రి పనిచేసేది ఆ జాకెట్ మీద కుట్టిన బూడిదరంగు పట్టీ.

ఫోన్ లైటు, చేతి టార్చ్

ఫోన్ లైటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పాదాల ముందు రెండడుగులు చూపిస్తుంది, ఒక చెయ్యి ఖాళీ లేకుండా చేస్తుంది, ఆపదలో ఫోన్ చెయ్యాల్సిన బ్యాటరీని తినేస్తుంది. వెనకనుంచి వచ్చేవాళ్ళకు అది అసలు కనపడదు, మన ఒళ్ళే అడ్డం.

చేతి టార్చ్‌కు మాత్రం తనదైన విలువ ఉంది. నడుము కంటే కింద పట్టుకుని ఏటవాలుగా వేస్తే రాయికి, గుంతకు, పాముకు నీడ పడుతుంది. ఆ నీడ వల్లే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. నుదుటి మీద హెడ్‌ల్యాంప్ పెట్టుకుంటే వెలుగు కంటి పక్కనుంచే వెళ్తుంది కాబట్టి నీడలు కనపడవు, నేలంతా చదునుగా అనిపిస్తుంది. పొలం గట్ల మీద, అడవి దారిలో నడిచేవాళ్ళకు ఇది చిన్న తేడా కాదు. కానీ రోడ్డు పక్కన టార్చ్ ఒక్కటే పట్టుకుని నడిచే మనిషి వెనకవైపు నుంచి చీకటి మనిషే. ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్ళలోకి టార్చ్ వేసి "నేనున్నాను" అని చెప్పడం మరీ ప్రమాదం. కళ్ళు చెదిరిన డ్రైవరు బండిని మన మీదికే తేవచ్చు.

రేడియం పట్టీలు, జాకెట్లు

డబ్బుకు తగ్గ ఫలితం అడిగితే నా ఓటు వీటికే. ఆ పట్టీలో సన్నని గాజుపూసలో, ప్లాస్టిక్ ప్రిజమ్‌లో ఉంటాయి. తమ మీద పడిన వెలుగును చెల్లాచెదురు చేయకుండా వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి. హెడ్‌లైట్ వెలుగు హెడ్‌లైట్ వైపుకే తిరిగి వెళ్తుంది, డ్రైవరు కళ్ళు దానికి దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి అతనికి పట్టీ వెలిగిపోతున్నట్టు కనిపిస్తుంది. మంచి పట్టీ లో బీమ్‌లో కూడా 150 మీటర్ల దూరం నుంచి తెలుస్తుంది. బ్యాటరీ లేదు, ఛార్జింగ్ లేదు, స్విచ్ వేయడం మర్చిపోవడం లేదు. ఫిన్‌లాండ్‌లో చీకట్లో రోడ్డు మీద నడిచేవాళ్ళు రిఫ్లెక్టర్ గానీ లైటు గానీ పెట్టుకోవాలని చట్టమే ఉంది. శీతాకాలంలో నెలల తరబడి చీకట్లో నడిచే దేశం అనుభవం మీద పెట్టుకున్న నియమం అది.

జాకెట్టా, కాలి పట్టీలా అంటే నేను ముందు కాలి పట్టీలే కొనమంటాను. దీనికి రెండు కారణాలు. లో బీమ్ వెలుగు కిందికి వాలి ఉంటుంది. దూరంలో ఉన్న మనిషి మీద ఆ వెలుగు మొదట పడేది కాళ్ళ మీద, ఛాతీ మీద కాదు. రెండోది ఇంకా ముఖ్యం. ఛాతీ మీద కదలకుండా ఉన్న మెరుపును చూసిన డ్రైవరు దాన్ని రాయి అనుకోవచ్చు, బోర్డు అనుకోవచ్చు, ఆగి ఉన్న ట్రాలీ రిఫ్లెక్టర్ అనుకోవచ్చు. చీలమండల దగ్గర, మోకాళ్ళ దగ్గర, మణికట్ల దగ్గర ఉన్న మెరుపులు నడకతో పాటు ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, అది మనిషి అని మెదడు క్షణంలో పోల్చుకుంటుంది. మనుషుల కదలికను పసిగట్టడంలో మన కళ్ళకున్న ఈ నేర్పు మీద చాలా పరిశోధనలు జరిగాయి. ఛాతీ జాకెట్ ఒక్కటే కంటే కీళ్ళ దగ్గర పట్టీలు పెట్టినప్పుడు డ్రైవర్లు మనిషిని ఎక్కువ దూరం నుంచే గుర్తుపట్టారని తేలింది.

దీక్షలో ఉన్నవాళ్ళకు ఇంకో సంగతి. బూట్లకు అంటించే రేడియం స్టిక్కర్లు, షూ మడమకు తగిలించే లైట్లు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి. చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళకు అవి ఎందుకూ పనికిరావు. చీలమండకు చుట్టే వెల్క్రో పట్టీ, లేదా చిన్నపిల్లల గాజులా చటుక్కున చుట్టుకునే స్లాప్ బ్యాండ్ తీసుకోండి. స్లాప్ బ్యాండ్‌లో ఉక్కు రేకు ఉంటుంది, గంటల తరబడి నడిస్తే ఒరుసుకుంటుంది. దూరం నడిచేవాళ్ళకు మెత్తని వెల్క్రో పట్టీయే మేలు.

జాకెట్ కొంటే మన ఉక్కకు వలగుడ్డతో కుట్టింది తీసుకోండి, లేకపోతే గంటలోపే విప్పేసి సంచిలో పెట్టేస్తారు. సంచిలో ఉన్న జాకెట్ ఎవరికీ కనపడదు. ఇరుముడో, వీపు సంచో ఉంటే అది జాకెట్ వెనక భాగాన్ని పూర్తిగా కప్పేస్తుంది. అలాంటప్పుడు సంచికే రేడియం టేపు కుట్టించుకోవడం మంచిది. జాకెట్లకు మన దేశంలో ఐఎస్ 15809 అనే ప్రమాణం, అంతర్జాతీయంగా ఐఎస్ఓ 20471 ఉన్నాయి. లేబుల్ మీద ఈ నంబర్లు ఉన్న జాకెట్‌కు కొంచెం ధర ఎక్కువైనా పట్టీ నాణ్యత మీద భరోసా ఉంటుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లలో, ఏ ఊళ్ళోనైనా వెల్డింగ్, సేఫ్టీ సామాన్లు అమ్మే షాపుల్లో ఇవి దొరుకుతాయి.

లేబుల్ లేని పట్టీ పనికొస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. చీకట్లో ముప్ఫై అడుగుల దూరంలో పట్టీని వేలాడదీసి, టార్చ్‌ను కంటి పక్కన, చెవి దగ్గర పట్టుకుని వెయ్యండి. మంచి పట్టీ అయితే లైటు వేసినట్టు భగ్గుమంటుంది. చెయ్యి చాపి దూరంగా పట్టుకుని వేస్తే మంచిది కూడా మసకగానే ఉంటుంది, అందుకని కంటి పక్కనే పట్టుకోవాలి. వెండిరంగులో తళతళలాడే ప్రతి పట్టీ రేడియం పట్టీ కాదు. అలాగే లైటు ఆర్పాక కాసేపు ఆకుపచ్చగా వెలిగే స్టిక్కర్లు వేరు. అవి గదిలో స్విచ్ బోర్డుకు బాగుంటాయి, రోడ్డు మీద ఎందుకూ కొరగావు.

వీటికి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచకూడదు. హెడ్‌లైట్ వెలుగు తమ మీద పడితేనే ఇవి పనిచేస్తాయి. మలుపు తిరుగుతున్న బండి వెలుగు నేరుగా మన మీదికి రాదు. ఎత్తు దిగి వచ్చే బండిదీ అంతే. లైటు లేకుండా వచ్చే సైకిలు, ఒంటి లైటు ట్రాక్టరు, దుమ్ముపట్టిన హెడ్‌లైట్ల పాత ఆటో, ఇవన్నీ మన రోడ్ల మీద ఉన్నవే. బురద అంటినా, తడిసినా పట్టీ వెలుగు తగ్గుతుంది. అందుకే రెండో వస్తువు కావాలి.

బ్లింకర్లు, క్లిప్ లైట్లు

అగ్గిపెట్టెకన్నా చిన్నగా, బట్టకో సంచికో తగిలించుకునే ఎల్ఈడీ లైట్లు ఇవి. సైకిలు వెనక పెట్టే ఎర్ర లైటు కూడా ఇదే జాతి. ఎవరి హెడ్‌లైటూ అక్కర్లేదు, తనంతట తానే వెలుగుతుంది. మలుపులోనూ, శీతాకాలపు పొగమంచులోనూ ఇదే ముందు పనికొస్తుంది. పొగమంచులో రేడియం పట్టీకి హెడ్‌లైట్ వెలుగు మంచును రెండుసార్లు దాటాలి, పోవడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారి. బ్లింకర్ వెలుగు ఒక్కసారి దాటితే చాలు.

రంగు విషయంలో పట్టింపు అవసరం. వెనక్కి ఎరుపు, ముందుకి తెలుపు లేదా పసుపు. బండ్లన్నిటికీ ఇదే పద్ధతి కాబట్టి డ్రైవరు ఆలోచించకుండానే అర్థం చేసుకుంటాడు. వీపు మీద తెల్ల లైటు పెట్టుకుంటే వెనకనుంచి వచ్చేవాడికి ఎదురుగా ఏదో బండి వస్తున్నట్టు అనిపిస్తుంది. ఎరుపు, నీలం మార్చి మార్చి కొట్టే భుజం లైట్లు ఈమధ్య చవగ్గా అమ్ముతున్నారు. చూడ్డానికి ఆకర్షణగా ఉంటాయి గానీ వాటిని కొనవద్దని గట్టిగా చెబుతాను. ఆ రంగులు పోలీసు, అంబులెన్స్ వంటి అత్యవసర వాహనాలకు చెందినవి. జనాన్ని అయోమయంలో పడేస్తాయి, మీకూ చిక్కులు తెస్తాయి.

మిణుకుమనేది మంచిదా, నిలకడగా వెలిగేది మంచిదా? మిణుకు దూరం నుంచి కంటిని లాగుతుంది. కానీ ఆరి వెలిగే చుక్క ఎంత దూరంలో ఉందో, ఎటు కదులుతోందో అంచనా వేయడం కష్టం. జర్మనీలో సైకిళ్ళకు మిణుకు లైట్లు నిషేధం. నా అభిప్రాయం ఇది: ఒక్కటే పెట్టుకుంటే, చీకటి రోడ్డు మీద, నెమ్మదిగా మిణికే మోడ్. రెండు పెట్టుకోగలిగితే ఒకటి నిలకడగా, ఒకటి మిణుకుతూ. టపటపమని వేగంగా కొట్టే స్ట్రోబ్ మోడ్ మాత్రం వద్దు. వెనక నడిచే మీ తోటివాళ్ళకే తలనొప్పి వస్తుంది, డ్రైవరుకూ ఇబ్బందే.

తగిలించే చోటు కూడా చూసుకోండి. చీర కొంగు, కండువా, తువ్వాలు జారి లైటును కప్పేస్తాయి. నడుము వెనక బెల్టుకో, సంచి అడుగున పట్టీకో తగిలిస్తే కదలదు. క్లిప్ బలహీనంగా ఉంటే పిన్నీసుతో బిగించండి.

చేతికి చుట్టుకునే ఎల్ఈడీ పట్టీలు, లైట్లు కుట్టిన జాకెట్లు కూడా ఉన్నాయి. చేతి పట్టీలు ఫర్వాలేదు, చెయ్యి ఊగుతుంది కాబట్టి కదలిక తెలుస్తుంది. లైటు జాకెట్లు ఎక్కువ ఖరీదు, ఉతకడానికి ఇబ్బంది, వైరు ఒకచోట తెగితే మొత్తం పోతుంది. ఆ డబ్బుకు రేడియం జాకెట్, రెండు జతల పట్టీలు, రెండు బ్లింకర్లు వస్తాయి.

హెడ్‌ల్యాంప్ ఎవరికి?

చేతులు ఖాళీగా ఉండాల్సినవాళ్ళకు. పొలంలో స్టార్టర్ పెట్టె తెరవాలి, ఫ్యూజు చూడాలి, మడవ మళ్ళించాలి, ఇంకో చేతిలో కర్ర ఉండాలి. టార్చ్‌ని చంకలో ఇరికించుకుని తడి చేతులతో కరెంటు పని చేసేకంటే హెడ్‌ల్యాంప్ వందరెట్లు మేలు. కానీ నీడల సంగతి పైన చెప్పాను. గట్టు మీద నడుస్తున్నంతసేపు దాన్ని తీసి చేతిలో కిందికి పట్టుకుని టార్చ్‌లా వాడండి, స్టార్టర్ దగ్గర తలకు పెట్టుకోండి. పొడుగ్గా దూరం వేసేదానికంటే వెడల్పుగా పరుచుకునే వెలుగు ఉన్నది ఎంచుకోండి. పాము ఉండేది యాభై మీటర్ల అవతల కాదు, వేయబోయే అడుగు దగ్గర. వానాకాలంలో తెల్ల లైటుకు పురుగులు వచ్చి మొహం మీద పడతాయి. పసుపు వెలుగు మోడ్ ఉన్నవాటికి పురుగులు తక్కువ చేరతాయి.

పాముల మాట వచ్చింది కాబట్టి: రక్తపింజర చీకటి పడ్డాక ఎక్కువగా తిరుగుతుంది, కట్లపాము రాత్రి సంచారి. పాముకాటు మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. లైటుతో పాటు మోకాళ్ళ దాకా వచ్చే గంబూట్లు వేసుకుంటే చాలా కాట్లు తప్పుతాయి. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు కట్టడం, నాటు మందు ఏవీ వద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే.

రోడ్డు పక్కన హెడ్‌ల్యాంప్‌తో నడిచేవాళ్ళు దాన్ని కిందికి వంచి ఉంచాలి. తల ఎత్తి బండి వైపు చూశారంటే డ్రైవరు కళ్ళలోకి కొట్టినట్టే. కొన్ని హెడ్‌ల్యాంపులకు తల వెనక బ్యాటరీ పెట్టె మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది. నడిచేవాళ్ళకు అది ఉన్న రకమే మంచి బేరం.

అలారం లైట్లు, కళ్ళు చెదిరే స్ట్రోబ్‌లు

ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళ కోసం అని అమ్మే తాళంగుత్తి అలారంలు పిన్ను లాగితే గట్టిగా మోగుతాయి, చిన్న లైటు మిణుకుతుంది. చుట్టుపక్కల మనుషులున్న చోట ఆ మోత నిజంగా పనికొస్తుంది. పొలాల మధ్య రోడ్డు మీద వినేవాళ్ళు లేకపోతే దాని బలం తగ్గుతుంది. సంచి అడుగున వేస్తే మాత్రం దండగ, చేతికందే చోట వేలాడాలి. టార్చ్ స్ట్రోబ్‌తో ఎదుటివాణ్ణి ఆపొచ్చని చెప్పే ప్రకటనలను నేను నమ్మమని చెప్పను. చీకట్లో ఒక్క క్షణం తడబాటు కలగవచ్చు, ఆ క్షణం పరుగెత్తడానికి మాత్రమే. ఫోన్‌లో 112 ఒక్క నొక్కుతో వెళ్ళేలా పెట్టుకోవడం, ఇంట్లోవాళ్ళకు లొకేషన్ పంపడం వీటికన్నా ముందు చెయ్యాల్సిన పనులు. ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. బండ్లకు కనపడాలంటే మెరవాలి, కానీ వెంటపడే మనిషి భయం ఉన్న చోట మెరుస్తూ నడవడం నచ్చకపోవచ్చు. అలాంటప్పుడు రేడియం పట్టీయే సరైనది. అది హెడ్‌లైట్‌కు తప్ప మామూలు కంటికి మెరవదు.

పాదయాత్ర బృందానికి

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒకేసారి పదిమంది ప్రాణాల విషయం. ప్రతి ఒక్కరికీ రెండు కాళ్ళకూ పట్టీలు. ముందు నడిచేవాళ్ళకు తెల్ల లైటు కిందికి వంచి. అందరికన్నా వెనక నడిచే ఇద్దరికి జాకెట్లు, ఎర్ర బ్లింకర్లు. వెనక నడిచే బాధ్యత అలసిపోయి వెనకబడినవాళ్ళకు వదిలేయకండి, వంతులు వేసుకోండి. బృందంలో ఎవరైనా వెనకబడితే ఎర్ర లైటు వాళ్ళ వెనకే ఉండాలి.

ఏ పక్క నడవాలన్నది లైటంత ముఖ్యం. డివైడర్ లేని రోడ్డు మీద కుడి అంచున, ఎదురు బండ్లను చూస్తూ నడవండి. మనకు బండి కనపడుతుంది, పక్కకు తప్పుకోవచ్చు. ఇంకో లాభం ఉంది. మన దేశంలో బండ్ల లో బీమ్ ఎదుటి డ్రైవరు కళ్ళలో పడకుండా కుడివైపు తగ్గి, ఎడమ అంచు వైపు ఎక్కువ దూరం పరుచుకునేలా అమర్చి ఉంటుంది. మనం కుడి అంచున ఎదురు నడిస్తే, వచ్చే బండికి ఎడమ అంచునే ఉంటాం, అంటే ఆ పొడుగాటి వెలుగులో. అలాగని వెనక ఎర్ర లైటు తీసేయకూడదు, ఓవర్‌టేక్ చేసే బండి మన పక్కకే వస్తుంది. నాలుగు వరసల హైవేల మీద సర్వీసు రోడ్డు ఉన్నంత మేరా అందులోనే నడవండి. ఎక్కడైనా ఒకరి వెనక ఒకరు.

వరికోతల రోజుల్లో ఒక హెచ్చరిక. రోడ్డు సగం దాకా ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టి, పైన నల్ల పట్టా కప్పి ఉంటారు. నడిచేవాళ్ళు దాన్ని తప్పించుకోవడానికి రోడ్డు మధ్యకు వస్తారు, సరిగ్గా అక్కడే బండ్లూ మధ్యకు వస్తాయి. ఆ కుప్పలు పోసిన రైతులు కూడా రెండు వైపులా ఒక్కో బ్లింకర్, కొన్ని రేడియం పట్టీలు పెడితే ఎంతోమంది ప్రాణాలు నిలుస్తాయి.

శ్రీశైలం నడకలో ఆత్మకూరు దాకా రోడ్డు, వెంకటాపురం దాటాక నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవి. ఒకే యాత్రలో రెండు అవసరాలు. రోడ్డున్నంతవరకు కనపడటం ముఖ్యం, అడవిలో అడుగు చూసుకోవడం ముఖ్యం. పట్టీలు, బ్లింకర్లతో పాటు ముగ్గురికో హెడ్‌ల్యాంప్ ఉంటే సరిపోతుంది. తిరుమల అలిపిరి మెట్లదారి 3,550 మెట్లూ దీపాలతో, పైకప్పుతో ఉంటాయి, టార్చ్ అవసరం పెద్దగా ఉండదు. అక్కడికి చేరేవరకు నడిచే హైవేయే అసలు ప్రమాదం. మెట్లదారిలో చిరుత భయానికి లైటు మందు కాదు. 2023 ఆగస్టులో ఒక చిన్నారిని చిరుత పొట్టన పెట్టుకున్నాక పిల్లలతో నడిచే వేళలకు టీటీడీ ఆంక్షలు పెట్టింది. గుంపుగా నడవండి, పిల్లల్ని ముందుకో వెనక్కో పరుగెత్తనివ్వకండి.

తెల్లవారుజాము వాకర్లకు కాలి పట్టీలు, నడుము వెనక ఒక ఎర్ర బ్లింకర్ చాలు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ మాత్రం తీసేయండి. సైకిలు మీద వెళ్ళేవాళ్ళకు వెనక నిలకడగా వెలిగే ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, పెడళ్ళకు రేడియం.

డబ్బా మీద రాసింది ఎలా చదవాలి

ల్యూమెన్లు అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత. ఎంత పెద్ద అంకె ఉంటే అంత గొప్ప అనుకోవద్దు. చవక టార్చ్‌ల మీద వేలకు వేలు రాస్తారు, చాలావరకు నమ్మలేం. టార్చ్‌లను కొలిచే ప్రమాణమైన ఎఫ్ఎల్1 గుర్తు ఉంటే అంకెలకు ఒక పద్ధతి ఉన్నట్టు. ఆ పద్ధతిలో బీమ్ దూరం అంటే వెలుగు 0.25 లక్స్‌కు, అంటే పున్నమి వెన్నెలంత స్థాయికి, పడిపోయే దూరం. ఆ దూరంలో ఏదో ఉందని తెలుస్తుందే తప్ప స్పష్టంగా కనపడదు. రన్‌టైమ్ అంటే వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకు తగ్గేదాకా పట్టే సమయం. కాబట్టి "8 గంటలు" అంటే ఎనిమిది గంటలూ ఒకే వెలుగు అని కాదు. బ్లింకర్ల మీద రాసే గంటలు సాధారణంగా మిణుకు మోడ్‌వి.

వానకు ఐపీఎక్స్4 ఉంటే జల్లు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీళ్ళలో అరగంట పడి ఉన్నా ఫర్వాలేదు, పొలానికి అదే మంచిది. రోజూ వాడేదైతే టైప్-సి ఛార్జింగ్ తీసుకోండి, ఇంట్లో ఫోన్ వైరే సరిపోతుంది. నాలుగైదు రోజుల యాత్రకైతే ట్రిపుల్ ఏ సెల్స్‌తో నడిచేది నయం, దారిలో ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. లిథియం బ్యాటరీ ఉన్నవాటిని ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదలకండి.

చిన్న బ్లింకర్లలో సీఆర్2032 అనే బిళ్ళ సెల్ ఉంటుంది. ఇంట్లో పసిపిల్లలుంటే స్క్రూతో మూత బిగించేది మాత్రమే కొనండి. ఆ సెల్ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలినట్టు పుండు పడుతుంది. మింగారని అనుమానం వచ్చినా ఏడుపు, నొప్పి కోసం ఎదురుచూడకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వాడేసిన సెల్స్ కూడా అంతే ప్రమాదం, టేపు చుట్టి పిల్లలకు అందని చోట పెట్టండి.

కొన్నాక, బయల్దేరే ముందు రోజు రాత్రి ఒక పని చెయ్యండి. బృందమంతా అన్నీ పెట్టుకుని, సంచులు తగిలించుకుని, ఊరి బయట బండ్లు తిరగని చోట రోడ్డు అంచున నడవండి. ఒకరు బైకు మీద 150 మీటర్ల అవతలికి వెళ్ళి లో బీమ్‌తో నెమ్మదిగా రండి, ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి. ఎవరి పట్టీ పంచె కింద దాగిందో, ఎవరి బ్లింకర్ కండువా చాటుకు పోయిందో అక్కడే తెలిసిపోతుంది. సరిచేసి మళ్ళీ చూడండి.